ఎర్ర దారం కట్టిన సీసా

సోల్‌గోల్
1996 జూన్ 30

పెదనాన్నగారికి,

ఈ ఉదయం కొట్టం తలుపు తీసేసరికి వీపున తగిలించుకునే గడ్డి కోత మిషన్ తాడు పిడి మీద ఒక పచ్చ కప్ప కూర్చుని ఉంది. బొటనవేలి గోరంత. నేను చెయ్యి చాపినా కదల్లేదు. వాన తగ్గేదాకా అది పిడి మీదే ఉంది, నేను గుమ్మంలోనే ఉన్నాను.

అది వెళ్లాక తాడు లాగాను. జానెడు కూడా రాలేదు.

మండల కేంద్రంలో మిషన్లు బాగుచేసే ఆయన దగ్గరికి దాన్ని బస్సులో తీసుకెళ్లాను. ఆయన నా వీపు మీంచి దించనైనా దించలేదు. "దీన్ని చేసిన కంపెనీవాళ్లే దీన్ని మర్చిపోయారమ్మాయ్. ట్యాంకు మూత తీసి పూలమొక్క పెట్టుకో" అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. మళ్లీ మోసుకుని బస్సెక్కాను.

ఈ మిషన్ లోపల ఏముందో తెలిసినవాళ్లు ఇద్దరే, నాన్న, మీరు. నాన్న పోయి ఏడాది కావస్తోంది. మీ గొంతు ఆపరేషన్ గాయం మానిందని పెద్దమ్మ ఫోనులో చెప్పింది. మీతో ఫోనులో మాట్లాడే వీలు లేదు కనుక రాస్తున్నాను. ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి, వరసగా రాయండి. నేను వరస తప్పను.

నేను పనిచేసే గ్రంథాలయంలో వానాకాలం పుస్తకాలకి బూజు పడుతోంది. రోజూ కొన్ని తుడుస్తున్నాను.

మీ తమ్ముడి కూతురు
హేరాన్


తేగు
జూలై 5

పుస్తకాల పురుగుకి,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నా నవ్వు ఇప్పుడు మెడలో బెజ్జంలోంచి ఈలలా వస్తోంది. మీ పెద్దమ్మ కుక్కర్ కూసిందనుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

ఈ ఇంట్లో నాకొక పలక ఇచ్చారు. మంచినీళ్లు కావాలని రాస్తాను. వాళ్లు కళ్లజోడు వెతుక్కుని చదివేసరికి నా దాహం తీరిపోతుంది. కాబట్టి ఉత్తరం రాయమంటే నాకు పండగే.

పచ్చ కప్పని చూశానన్నావు. అమ్మ తూర్పంటే పడమరకి పోయే పిల్లల్ని మన దగ్గర పచ్చ కప్పలంటారని తెలుసుగా. అద్దంలో చూసుకున్నావేమోలే.

ఆ షాపువాడు గాడిద. రెండు స్ట్రోకుల ఇంజిన్‌కి కావల్సినవి మూడే. నిప్పు, గాలి, ఆయిల్ కలిపిన పెట్రోలు. నీ ఇంజిన్ లేవట్లేదంటే ముగ్గురిలో ఎవరో అలిగారన్నమాట. ఎవరో కనిపెట్టాలి. ముందు ట్యాంకులో మిగిలింది పారబొయ్యి. తర్వాత ప్లగ్గు విప్పి తాడు లాగు. ప్లగ్గు లేనప్పుడు తాడొస్తే ఒక రోగం, అప్పుడూ రాకపోతే ఇంకో రోగం. ప్లగ్గు మొహం ఏ రంగులో ఉందో రాయి. ఇటుక రంగైతే ఆరోగ్యం.

ఇంత తొందరెందుకో నాకు తెలీదు గానీ, చేసిపెట్టడం మంచిదే. సెప్టెంబరు పదిహేను ఆదివారం. సమాధుల గడ్డి కోయడానికి మనవాళ్లంతా వస్తారు. నన్ను డాక్టరు కొండెక్కనివ్వడు. మీ నాన్న సమాధి మా అబ్బాయి సంగ్‌ఛోల్ కోస్తాడు. మిషన్ సిద్ధంగా ఉంటే వాడికి పని తేలిక. ఈ అక్టోబరులో వంశ పుస్తకం మళ్లీ అచ్చవుతోంది. మీ నాన్న పేరు కింద సంగ్‌ఛోల్‌ని దత్తుకొడుకుగా రాయిద్దామని పెద్దలంతా అన్నారు, నేనూ సరేనన్నాను. ఛుసోక్ పండగ నాటికి గడ్డి కోయని సమాధిని చూసి ఊరు ఏమనుకుంటుందో నీకు తెలుసు. నా తమ్ముడు దిక్కులేనివాడు కాడు.

మూడు పూటలా గంజి తాగుతున్న
పెదనాన్న


సోల్‌గోల్
జూలై 14

పెదనాన్నగారికి,

ట్యాంకులో అరచెంచా మిగిలింది. బెల్లం పాకంలా ఉంది. ముక్కు మూసుకుని పెరటి చివర పారబోశాను. ప్లగ్గు విప్పడానికి రెండు రోజులు పట్టింది. మొహం ఇటుక రంగులో లేదు, బొగ్గు కంటే నల్లగా ఉంది, పొక్కు కట్టింది. ప్లగ్గు తీశాక కూడా తాడు రాలేదు. అంటే మీరు చెప్పిన రెండో రోగం.

మిషన్ సంగ్‌ఛోల్ అన్న కోసం కాదు. నాన్న సమాధి నేనే కోస్తాను.

కారణం చెప్తాను. మన వంశ పుస్తకం మా గ్రంథాలయంలో ఉంది. అందులో ఆడపిల్లల పేర్లు ఉండవు, అల్లుళ్ల పేర్లు ఉంటాయి. నాకు పెళ్లి కాలేదు కనుక నాన్న పేరు కింద ఇప్పుడు తెల్ల కాగితం ఉంది. ఆ తెల్ల కాగితం నేను. అందులో ఇంకొకరి పేరు రాస్తామని మీరు నాతో ఒక్క మాటైనా అనకుండా సరేనన్నారు.

పోయిన ఏడాది ఆగస్టు ఇరవై ఏడున కొండ మీద జరిగింది నేను చూడలేదు. మనింట్లో ఆడవాళ్లు కొండెక్కరు. శవం పక్కన కూర్చున్నప్పుడు విన్నాను. సగం పనయ్యాక మిషన్ ఆగిపోయింది. ఎంత లాగినా లేవలేదు. నాన్న అలసిపోయి కూర్చుంటే మీరు "మిషన్ ఆగితే నీ చేతులు కూడా ఆగిపోయాయేంట్రా?" అన్నారట. నాన్న కొడవలి తీసుకుని ముత్తాత సమాధి వెనక్కి వెళ్లాడు. మిషన్‌తో కోస్తుంటే కత్తికీ మనిషికీ మధ్య బారెడు గొట్టం ఉండేది. వదిలేసి పరుగెత్తడానికి వీలుండేది. కొడవలి పట్టిన చెయ్యి నేరుగా కందిరీగల గూట్లోకి వెళ్లింది.

ఆ మిషన్‌ని చూసుకునే బాధ్యత మొదటినుంచీ మీది.

తర్వాత ఏం చెయ్యాలో రాయండి.

హేరాన్


తేగు
జూలై 20

క్వాక్ హేరాన్‌కి,

అవును, ఆ మాట అన్నాను. గొంతు పోకముందు అరవై ఏళ్లు ఏమేం మాట్లాడానో పెద్దగా గుర్తులేదు. అది గుర్తుంది. రోజూ గుర్తుంటుంది. నువ్వు కాగితం ఖర్చుపెట్టి గుర్తుచెయ్యక్కర్లేదు.

నువ్వు చదివిన ఆ నన్‌ల బడిలో మోకాళ్ల మీద నిలబడటం నేర్పారు గానీ పెద్దవాళ్లకి ఉత్తరం రాయడం నేర్పలేదు. నీ ఉత్తరం సంగ్‌ఛోల్ చదివాడు. "నాన్నా, నాకేం సరదానా? దానికి అంత పట్టుదలుంటే దాన్నే కోసుకోనివ్వు" అన్నాడు. నోర్ముయ్యమని పలక మీద రాశాను. అక్షరాలు పెద్దవిగా రాశాను.

నువ్వు నలభై ఐదు కిలోలుంటావు. మిషన్ పన్నెండు. దాన్ని వీపున వేసుకుని ఆ వాలు మీద నిలబడతావా? సరే. పందెం కడదాం. మిషన్‌ని నువ్వే లేపాలి. మగవాళ్లు వచ్చేలోగా మీ నాన్న సమాధి నువ్వే కోయాలి. రెండూ చేశావా, పుస్తకం కమిటీకి నేనే నా చేత్తో రాస్తాను. సంగ్‌ఛోల్ పేరు ఉండదు. చెయ్యలేకపోయావా, వాడి పేరు ఉంటుంది, నువ్వు ఇంకో మాట అనకూడదు.

పందెం కట్టినవాడిని కదా, దారి చెప్పకపోతే అన్యాయం. పిస్టన్ పట్టేసింది. ప్లగ్గు బెజ్జంలో రెండు చెంచాల కిరోసిన్ పొయ్యి. మూడు రోజులు ముట్టుకోకు. నాలుగో రోజు కింద గుండ్రటి చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించు. బలవంతం చెయ్యకు. విరిస్తే ఇక పూలమొక్కే.

టోక్‌సు పెదనాన్న


సోల్‌గోల్
ఆగస్టు 3

పెదనాన్నగారికి,

మూడు రోజులకి కదల్లేదు. మళ్లీ పోశాను. తొమ్మిదో రోజు చక్రం టక్కుమని తలుపు గడియ తీసినట్టు కదిలింది. ఇప్పుడు తాడు పూర్తిగా వస్తోంది.

కొత్త ప్లగ్గు కొన్నాను. షాపాయన "పూలమొక్క ఎలా ఉంది?" అని అడిగాడు. ప్లగ్గుని ఇంజిన్ ఇనుముకి ఆనించి, వైరు తగిలించి తాడు లాగితే నీలం నిప్పురవ్వ వచ్చింది. ఎదురింటి హాంగ్ మామ్మ గోడ మీంచి చూస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"నిప్పు ఉందో లేదో చూస్తున్నాను మామ్మా."

"ఉందిలే. నీకు చిన్నప్పటినుంచీ ఉంది, బయటికి కనపడదంతే. పెళ్లి చేసుకోవే, ఇలాంటివి మొగుడు చూసుకుంటాడు."

"మీ ఆయన చూసేవాడా?"

"ఆయనకి కాళ్లకి చెప్పులు ఎక్కడున్నాయో కూడా నేనే చెప్పాలి."

నిప్పు ఉంది. గాలి వచ్చే స్పాంజి సబ్బుతో కడిగి ఆరబెట్టాను. మిగిలింది పెట్రోలు.

కొత్త పెట్రోలులో కలపడానికి ఆయిల్ కోసం కొట్టంలో వెతికాను. మీకు గుర్తుండే ఉంటుంది, నాన్న ఇంజిన్ ఆయిల్‌ని డబ్బాలోంచి ఖాళీ సోజు సారా సీసాలోకి వంచుకుని, మెడకి ఎర్ర దారం కట్టేవాడు. ఆ సీసా గోనెసంచుల వెనక కనిపించింది. మెడ దాకా నిండుగా ఉంది. ఒక్క చుక్క వాడలేదు.

ఆయిల్ లేని పెట్రోలుతో నడిపితే పిస్టన్ పట్టేస్తుందని గ్రంథాలయంలో వ్యవసాయ పుస్తకంలో ఉంది. పిస్టన్ పట్టేసిందని మీరే రాశారు. మీరు ఆ రోజు ఆయిల్ కలపడం మర్చిపోయారా?

హేరాన్


తేగు
ఆగస్టు 8

నలభై ఏళ్లు ధాన్యం మిల్లులో ఇంజిన్ నడిపినవాణ్ని. నిద్రలో లేపి అడిగినా పెట్రోలు ఇరవై ఐదుకి ఆయిల్ ఒకటి అని చెప్తాను. పిల్లకాకివి, పుస్తకం చదివి నాకు ఆయిల్ గురించి చెప్తున్నావా?

పోశాను. సోజు గ్లాసుతో కొలిచి పోశాను. సీసాలోంచి ఆయిల్ గ్లాసులోకి దిగడం నా కళ్లతో చూశాను. ఆ సీసా నిండుగా ఉంటే, ఇంకో సీసా ఉండి ఉంటుంది. మీ నాన్న ఒకటి కొనేచోట రెండు కొనే మనిషి.

కార్బురేటర్ విప్పు. నాలుగు మరలు. పల్చటి రబ్బరు పొర ఉంటుంది, చింపకు. సూది మొనంత బెజ్జాలు ఉంటాయి. పాత పెట్రోలు ఎండితే వాటిలో జిగురు పేరుకుంటుంది. పెయింటు కలిపే థిన్నర్‌లో ఒక రాత్రి నానబెట్టి, సన్న ఇత్తడి తీగతో పొడుచు. నానబెట్టే ముందు లోపల ఏముందో చూసి రాయి. రంగు రాయి. వాసన రాయి. నీ ముక్కు పనిచేస్తుంది కదా.

పలక పగిలింది. నేను విసిరేశాను. కొత్తది కొన్నారు.

టోక్‌సు


సోల్‌గోల్
ఆగస్టు 14

పెదనాన్నగారికి,

కార్బురేటర్ విప్పాను. రబ్బరు పొర చిరగలేదు.

లోపల తేనె రంగు పొర ఉంది. మీరు జిగురు అన్నారు. ఇది జిగురుగా లేదు, గట్టిగా ఉంది. గోటితో గీకితే పెంకులా ఊడింది. పండగ తర్వాత తోమకుండా వదిలేసిన అట్ల పెనం అంచున ఇలాంటిదే ఉంటుంది. వాసన కూడా అదే. అడవి నువ్వుల నూనె. మనందరి ఇళ్లలో సోజు సీసాల్లో పోసుకుని ఆకుకూరల్లో కలుపుకునే నూనె.

ఆయిల్ మీరే పోశానన్నారు. ఆ రోజు పెట్రోలు నిజంగా ఎవరు కలిపారు?

హేరాన్


సోల్‌గోల్
ఆగస్టు 26

పెదనాన్నగారికి,

పన్నెండు రోజులయింది. పోస్టాయన రోజూ మా గోడ ముందు సైకిల్ ఆపకుండానే తల అడ్డంగా ఊపి వెళ్తున్నాడు.

మీరు చెప్పినవన్నీ చేశాను. కార్బురేటర్ థిన్నర్‌లో రెండు రాత్రులు నానింది. ప్రతి బెజ్జంలోంచి వెలుతురు కనిపిస్తోంది. కొత్త ఆయిల్ కొని కొలిచి కలిపాను. ఇప్పుడు తాడు లాగితే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. అంతకు మించి లేవదు. నిప్పు ఉంది, గాలి ఉంది, పెట్రోలు ఉంది. మీరు చెప్పిన ముగ్గురిలో ఎవరూ అలగలేదు. అలిగింది మీరు.

ఇంకా మూడు వారాలు లేవు. మీరు మౌనంగా ఉంటే చాలు, పందెం మీదే. అది తెలిసే ఊరుకున్నారని అనుకుంటున్నాను. ఒక్క ప్రశ్న అడిగాను. జవాబు ఒక్క పేరు. పలక మీద రాసినా సరిపోతుంది.

రేపు ఆగస్టు ఇరవై ఏడు. నాన్న పేరున ఉదయం చర్చిలో ప్రార్థన చేయిస్తున్నాను. మీకు తెలియజేయడం నా విధి కనుక రాస్తున్నాను.

హేరాన్


తేగు
సెప్టెంబరు 1

హేరాన్‌కి,

నీ ఉత్తరం వచ్చిన రోజునుంచి పలక ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీ పెద్దమ్మ "ఏమైంది, ఏం కావాలి?" అని అడిగి అడిగి విసిగిపోయింది. ఏమీ రాయలేదు. నీకూ రాయలేకపోయాను. పందెం కోసం కాదు.

ఆ రోజు మిషన్ మీ నాన్న వీపు మీద ఉంది. సగం వాలు కోశాక వాడు ఆగి గాలి పీల్చాడు. "అన్నా, కింద ఎవరింట్లోనో అట్లు వేస్తున్నారు. అడవి నువ్వుల నూనె. ఆకలేస్తోంది" అన్నాడు. "పెళ్లాం లేనివాడికి ఎక్కడ చూసినా అట్ల వాసనే" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ వాసన వచ్చినట్టే నవ్వాను. పండగకి ఇంకా రెండు వారాలుంది. ఎవరు వేస్తారు అట్లు? ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అది వాడి వీపు మీద కాలుతున్న ఇంజిన్. కాసేపటికి ఆగిపోయింది. తర్వాత నేను ఆ మాట అన్నాను.

నాకు వాసన తెలియదు. ఆపరేషన్ అయ్యాక పోయిందని వీళ్లంతా అనుకుంటున్నారు. ఆరేళ్ల కిందటే పోయింది. పొగాకు తినేసింది. మాడిన అన్నం పెట్టినా బాగుందని తినేవాణ్ని. ఇది మీ నాన్నకి ఒక్కడికే తెలుసు. సీసాకి ఎర్ర దారం కట్టింది అందుకే, నా కోసం. "అన్నా, నీ ముక్కు ఇదిగో" అని నవ్వేవాడు.

నువ్వు అడిగినదానికి జవాబు. పెట్రోలు కలిపింది నేను. మీ అరుగు మీద కూర్చుని కలిపాను. సీసా కూడా నేనే తీసుకున్నాను. మీ వంటింట్లోకి వెళ్లి అలమరలోంచి తీసుకున్నాను. మీ నాన్న అవతల కొడవళ్లు కట్ట కడుతున్నాడు. నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో కూడా నాకు తెలీదు. ఎవరినీ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. దారం ఉందో లేదో చూసుకోలేదు. తప్పు ఒక్కడిది. ఇంట్లో ఇంకెవరిదీ కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకో.

ఇప్పుడు మిషన్ సంగతి. దగ్గి ఆగిపోతోందంటే మిగిలింది పొగ గొట్టం. ఆ నూనె కాలితే తారులా అంటుకుని గట్టిపడుతుంది. గొట్టం విప్పు. లోపల బెజ్జం పూడిపోయి ఉంటుంది. గొట్టాన్ని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, చల్లారాక గీకు. నా మెడలో బెజ్జం పూడితే నేను బతకను. దానికీ అంతే. నిప్పు, గాలి, పెట్రోలు అని మూడే చెప్పాను. పొగ బయటికి పోయే దారి గురించి చెప్పడం మర్చిపోయాను.

పుస్తకం కమిటీకి ఉత్తరం రాసి కవరు అంటించాను. క్వాక్ టోక్‌మాన్ పేరు కింద సంగ్‌ఛోల్ పేరు వద్దనీ, కూతురు హేరాన్ అని పేరుతో సహా రాయమనీ రాశాను. మన పుస్తకంలో ఇప్పటిదాకా లేని పని. పెద్దకొడుకుని కాబట్టి నా మాట చెల్లుతుంది. కవరు నా దిండు కింద ఉంది. మిషన్ లేచి, నువ్వు గడ్డి కోశాక నాకు రాయి. నీ ఉత్తరం అందిన రోజే అది పోస్టులో వేస్తాను. పందెం పందెమే.

ఆ వాలు మీద గడ్డి కోసే ముందు పొడుగాటి కర్రతో నేలంతా పొడిచి చూడు. సమాధి వెనక రెండుసార్లు చూడు. చప్పుడు వినపడితే మిషన్ని అక్కడే వదిలేసి కిందికి పరుగెత్తు. మిషన్ పోతే పోయింది.

పెదనాన్న


సోల్‌గోల్
సెప్టెంబరు 14

పెదనాన్నగారికి,

మిషన్ లేచింది.

పొగ గొట్టంలో వేలు పట్టే బెజ్జం ఉండాల్సిన చోట బియ్యపుగింజ దూరే సందు మిగిలింది. పొయ్యిలో ఎర్రగా కాల్చి గీకాను. తిరిగి బిగించి లాగితే ఏడోసారి లేచింది. నేను భయపడి వెంటనే ఆపేశాను. మళ్లీ లాగితే మొదటిసారే లేచింది. గొట్టంలో మిగిలిన నూనె కాలి పొగ వచ్చింది. హాంగ్ మామ్మ గోడ మీంచి తల పెట్టి, "ఇంకా పండగ రాలేదు, అప్పుడే అట్లేంటే?" అంది.

ఈ ఉదయం మంచు ఆరాక కొండెక్కాను. దారిలో మూడుసార్లు దించుకుని కూర్చున్నాను. కర్రతో మీరు చెప్పినట్టే పొడిచి చూశాను. వెనక వైపు రెండుసార్లు చూశాను. ఏమీ లేదు. ముత్తాత సమాధి వెనక పోయిన ఏడాది గూడు ఉన్న చోట గుంట అలాగే ఉంది, అందులో గడ్డి మొలవలేదు.

నాన్న సమాధి కోయడానికి గంటన్నర పట్టింది. కుడి వైపు ఎక్కువ తెగింది, మట్టి కనిపిస్తోంది. ఎడమ వైపు చేత్తో సరిచేశాను. మీరు చూస్తే నవ్వుతారు. రేపు వచ్చేవాళ్లు కూడా నవ్వుతారు. కానీ కోయని సమాధి అని ఎవరూ అనరు. ఒక గ్లాసు సోజు పోసి, నాకు వచ్చిన ప్రార్థన చెప్పి దిగి వచ్చాను. భుజాల మీద పట్టీల గుర్తులు ఇంకా ఉన్నాయి.

పందెం ప్రకారం మీరు కవరు పోస్టు చెయ్యాలి. చేసే ముందు ఇది చదవండి. చదివాక కూడా వెయ్యాలనిపిస్తే వెయ్యండి, లేకపోతే చింపెయ్యండి. నేను ఇంకో మాట అనను.

వంటింట్లోకి వెళ్లి సీసా తీసుకున్నానని రాశారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి మీరు మా వంటింటి గడప తొక్కలేదు. మన మగవాళ్లెవరూ తొక్కరు. అమ్మ పోయిన రోజు కూడా మీరు పెరట్లో నిలబడే మంచినీళ్లు అడిగారు.

ఆ రోజు మీరు అరుగు మీంచి "సీసా ఇటివ్వవే పండితురాలా" అన్నారు. కిటికీ అంచున రెండు సీసాలున్నాయి. నాన్న ముందురోజు రాత్రి ఎర్ర దారం సీసా తెచ్చి అక్కడ పెట్టాడు. రెండోది వంటకి వాడుతున్న నూనె. నేను చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండా, చేతికి తగిలింది కిటికీలోంచి అందించాను. మీరు "బాగా చదువుకో" అన్నారు.

ఎర్ర దారం సీసా కొట్టంలో కనిపించిందని మీకు రాశాను. దాన్ని గోనెసంచుల వెనక పెట్టింది నేనే, నాన్నని పాతిపెట్టిన మర్నాడు. అప్పుడు కూడా అది మెడ దాకా నిండుగా ఉంది.

హేరాన్